రెండో ప్యాకింగ్

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడంటే లోపల ఏ వాల్వు అలిగిందో ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది కార్బురేటర్ బళ్ళ పనే. కొత్త బళ్ళలో కార్బురేటర్ అన్నదే లేదు, పెట్రోలు ఎంత పొయ్యాలో గాలి ఎంత కలపాలో అంతా కంప్యూటరే చూసుకుంటుంది. అయినా పాత బండిని వదులుకోలేనివాళ్ళు ఊరి ఆ చివర నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు, పని అయ్యాక నోరారా పొగిడి వెళ్తారు. ఎన్ని పొగడ్తలు విన్నా మేస్త్రికి కడుపు నిండేది కాదు. పొగడాల్సిన మనిషి ఒకడున్నాడు, ఆయన మాత్రం నోరు మెదిపేవాడు కాదు. ఆయన మేస్త్రికి పిల్లనిచ్చిన మామ.

మామగారు ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. బండి సంగతుల్లో ఆయన ముందు ఎవరూ కోతలు కొయ్యలేరు. సొంతానికి ఒక పాత కారు ఉంది. పెద్దల్లుడు దాన్ని ఎన్నిసార్లు బాగుచేసి ఇచ్చినా, తాళం అందుకుని, వీధి చివరిదాకా నడిపి తెచ్చి, "ఊఁ" అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే "ఊఁ". "బావుంది అల్లుడూ" అంటే ఆయన సొమ్మేం పోతుందో మేస్త్రికి ఎంతకీ అర్థమయ్యేది కాదు.

పోనీ, ఆయన స్వభావమే అంత అని సరిపెట్టుకుందామా అంటే, దానికీ వీల్లేకుండా పోయింది. చిన్నల్లుడి దగ్గరికి వచ్చేసరికి అదే నోరు ధారాళంగా తెరుచుకునేది. "చిన్నవాడి చేతిలో ఏదో ఉందోయ్" అని ఒకసారి, "వాడు ముట్టుకుంటే ఇనుము కూడా మాట వింటుంది" అని ఇంకోసారి. అదీ ఎవరితో అనుకున్నారు? పెద్దల్లుడితోనే.

చిన్నల్లుడేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డాడా అంటే అదీ కాదు. మేస్త్రి షెడ్డులోనే రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. స్పానర్ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి చెప్పింది మేస్త్రే. "కుర్రాడు బుద్ధిమంతుడు మామయ్యా, పని తెలిసినవాడు" అని మామగారి చెవిన వేసి, తన మరదలితో పెళ్ళి కుదిర్చిందీ మేస్త్రే. పెళ్ళయిన రెండో ఏడు వాడు మూడు వీధుల అవతల సొంత షెడ్డు పెట్టుకున్నాడు. బండిని పైకెత్తే లిఫ్టు తెచ్చాడు, ల్యాప్‌టాప్ తెచ్చాడు. తెల్లారేసరికి షెడ్డు ముందు బళ్ళు బారులు తీరేవి. మేస్త్రి టీ తాగే నెపంతో ఆ వీధిలోంచి వెళ్ళి, ఎన్ని బళ్ళున్నాయో లెక్కపెట్టుకుని వచ్చేవాడు. రెండే ఉంటే ఆ రోజు ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు. ఆరుంటే భోజనం సయించేది కాదు.

"ఇవాళ ఎన్నున్నాయేమిటి?" అనేది భార్య వడ్డిస్తూ.

"ఎన్ని ఏమిటి?"

"మొహం చూస్తే ఆరున్నట్టున్నాయి. తినండి, తినకపోతే అవేం తగ్గవు."

వాడు పొగరుబోతైనా బావుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. ఆ అదృష్టమూ లేదు. ఎదురుపడితే చేతిలో పని వదిలేసి "రండి అన్నయ్యా" అంటాడు. బండి తెచ్చినవాళ్ళతో, "నాకొచ్చిందంతా మా అన్నయ్య పెట్టిన భిక్షే" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కేది. తనకంటే పైకెళ్ళిన మనిషి మంచివాడు కూడా అయితే, ఇక మనిషన్నవాడు ఏం పెట్టుకుని బతకాలి?

ఇలా ఉండగా మామగారి కారు ఇంజిన్ పగిలింది. మామూలు పగులు కాదు, బ్లాకే నిలువునా చీలింది. ఆ కారు తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది, ఇంకో ఇంజిన్ దొరికే ఆశ లేదు. మేస్త్రి బానెట్ ఎత్తి చూసి, "ఇక లాభం లేదు మామయ్యా, దీనికి నూకలు చెల్లాయి" అన్నాడు. అన్నవాడు అక్కడితో ఊరుకున్నాడు. చిన్నల్లుడు ఊరుకోలేదు. ఎక్కడో ఢీకొని నుజ్జయిన చిన్న వ్యాన్‌లోంచి బాగున్న ఇంజిన్ ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని కూర్చోబెట్టడానికి కొత్త బ్రాకెట్లు వెల్డింగు చేయించాడు. ఆ ఇంజిన్‌కీ ఈ గేర్‌బాక్సుకీ పొత్తు కుదరకపోతే మధ్యలో వెయ్యడానికి లేతు మిషను మీద ఒక ప్లేటు తీయించాడు. నెలన్నర పట్టింది. నెలన్నర తర్వాత మామగారు ఆ కారులో అత్తగారిని కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగి వచ్చాడు.

ఆ ఆదివారం అందరూ మామగారింట్లో భోజనాలకి చేరారు. మామగారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "పెద్దాడు చచ్చిందన్నాడు, చిన్నాడు బతికించాడు" అన్నాడు. హాయిగా నవ్వుతూనే అన్నాడు, అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వి, మంచినీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, వాకిట్లో ఉన్న ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. వెల్డింగుల్లో ఒక్క అతుకైనా వంకరగా ఉంటుందేమోనని వంగి చూశాడు. లేదు.

ఆ తర్వాతి గురువారమే ఆయన మొర ఎవరో విన్నట్టయింది. కారు ఎత్తు రోడ్డు మీద ఆగిపోవడం మొదలుపెట్టింది. చదును మీద చక్కగా పోతుంది. ఆసుపత్రికి వెళ్ళే ఎత్తు రోడ్డు మీద సగం దూరం ఎక్కేసరికి దగ్గి, వణికి, చల్లబడుతుంది. స్టార్టర్ నాలుగైదుసార్లు తిప్పితే మళ్ళీ అందుకుని, ఇంకో యాభై గజాలు పోయి మళ్ళీ ఆగుతుంది. అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి. ప్రతి గురువారం ఆ ఎత్తు మీదున్న ఆసుపత్రికి కాళ్ళకి వ్యాయామం చేయించడానికి తీసుకెళ్ళాలి. ఆ ముసలిదంపతులకి కారు ఉన్నదే అందుకు.

చిన్నల్లుడు చెయ్యాల్సినవన్నీ చేశాడు. ఫిల్టర్ మార్చాడు, ట్యాంకు దించి కడిగాడు, కార్బురేటర్ రెండుసార్లు విప్పి శుభ్రం చేశాడు, పెట్రోలు పంపు కొత్తది వేశాడు. కారు ఆగుతూనే ఉంది. చివరికి వాడే, "మామయ్యా, ఇది నావల్ల కావడం లేదు. అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయనకే తెలుస్తుంది" అన్నాడట. ఈ మాట మామగారు స్వయంగా వచ్చి చెప్పాడు. మేస్త్రికి గాల్లో తేలినట్టుంది. పైకి మాత్రం చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "చూద్దాం లెండి" అన్నాడు.

ముందు ఇద్దరూ కలిసి ఆసుపత్రి ఎత్తుకి వెళ్ళారు. మామగారు నడుపుతుంటే మేస్త్రి పక్కన కూర్చుని విన్నాడు. సగం ఎత్తులో ఇంజిన్ గొంతు సన్నబడింది, తర్వాత ఒక్కొక్క గుక్కా తప్పుతూ ఆగిపోయింది. ఆయన దిగి, గాలి ఫిల్టర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చూస్తూ, ఆక్సిలరేటర్ తీగని చేత్తో లాగాడు. పెట్రోలు ఉంటే ఆ లాగుడికి సన్నటి ధార ఒకటి చిమ్మాలి. చుక్క కూడా రాలేదు.

"కరెంటు తప్పు కాదు మామయ్యా. దీనికి దాహం. కార్బురేటర్‌ని అంటిపెట్టుకుని చిన్న తొట్టి ఉంటుంది. పంపు ట్యాంకులోంచి పెట్రోలు తోడి దాన్ని నింపుతుంది, ఇంజిన్ దాన్లోంచి తాగుతుంది. ఎత్తు మీద తాగుడు ఎక్కువ, తోడేది తక్కువ. తొట్టి ఎండిపోతోంది."

"ఎందుకు తక్కువ?"

"అదే చూడాలి. బండి నా షెడ్డులో వదిలేసి వెళ్ళండి, సాయంత్రం రండి."

మామగారు వెళ్ళాక మేస్త్రి పనిలో దిగాడు. ఈ పనిలో ఆయన్ని చూసి తీరాలి. ఊరికే విప్పడు. ఒక్కొక్కదాన్నీ పక్కకి తప్పిస్తూ, నువ్వు కాదు, నువ్వూ కాదు అనుకుంటూ వెళ్తాడు. ముందు ట్యాంకు మూత తీశాడు. గాలి ఆడక ట్యాంకు ఊపిరి బిగబట్టి ఉంటే మూత తియ్యగానే బుస్సుమంటుంది. అనలేదు. తర్వాత ఒక పెట్రోలు క్యాను కారు కప్పుకి తాళ్ళతో కట్టి, దాన్లోంచి పైపు బానెట్ సందులోంచి దించి నేరుగా కార్బురేటర్‌కి తగిలించాడు. ఇప్పుడు పంపుతో పని లేదు, పెట్రోలు తనంత తనే దిగుతుంది. ఆ వేషంతోనే కారుని మళ్ళీ ఎత్తు మీదికి పోనిచ్చాడు. దారిన పోయేవాళ్ళు నెత్తిన క్యాను పెట్టుకుని వస్తున్న కారుని నిలబడి చూశారు.

కారు ఎత్తు ఎక్కేసింది. దగ్గలేదు, వణకలేదు. మూడో గేరులో, నిండుగా, ఆసుపత్రి గేటుదాకా బంగారంలా లాగింది. మేస్త్రి పైన కారు ఆపి, ఇంజిన్ ఆపకుండా అలాగే కూర్చున్నాడు. ఎంత ముద్దుగా తిరుగుతోందో. ఏ పళ్ళూ కరకరలాడటం లేదు, ఏ బ్రాకెట్టూ అదరడం లేదు. తనైతే ఇలా కూర్చోబెట్టగలిగేవాడా అని మనసులో ఒక ప్రశ్న వచ్చింది. ఆయన దానికి జవాబు చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఏమని చెప్పుకోవాలో తెలుసు కనక కుళ్ళుతో చచ్చిపోయాడు.

సరే, ఇంజిన్ తప్పు లేదు, కార్బురేటర్ తప్పు లేదు. షెడ్డుకి తిరిగి వచ్చి, పంపు పీల్చే వైపు పైపుని ట్యాంకు నుంచి ఊడదీసి ఒక డబ్బాలో ముంచాడు. పంపులోంచి బయటికి వచ్చే పైపుని ఖాళీ సీసాలో పెట్టాడు. తొట్టిలో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ అర నిమిషం నడుస్తుంది, ఆ అర నిమిషంలో సీసా నిండాలి. పావు వంతు కూడా రాలేదు. ట్యాంకూ దాని పైపులూ కూడా నిర్దోషులే. దొంగ పంపు దగ్గరే ఉన్నాడు.

పంపు చూస్తే కొత్తది. ఇంజిన్ పక్కన రెండు బోల్టుల మీద బిగించి ఉంటుంది. లోపల ఇరుసు తిరుగుతూ పంపు మీటని తోస్తుంటుంది, తోసినప్పుడల్లా ఒక గుక్క పెట్రోలు తోడుతుంది. మేస్త్రి దాన్ని విప్పి చేతిలోకి తీసుకుని, పీల్చే రంధ్రం మీద బొటనవేలు పెట్టి, మీటని చేత్తో ఆడించాడు. వేలుని గట్టిగా పట్టుకుంది. అంటే పంపూ మంచిదే, దానికి తోపుడు చాలడం లేదు. అప్పుడు ఇంజిన్ వైపు చూశాడు. పంపు కూర్చునే చోట నల్లటి మందపాటి ప్యాకింగు ఉంది. ఇంజిన్ వేడి పంపుకి తగలకుండా మధ్యలో వేసే బిళ్ళ అది. ఒకటి ఉండాల్సిన చోట రెండున్నాయి. రెండు వేసేసరికి పంపు ఆ బిళ్ళ మందాన ఇవతలికి జరిగింది, మీట కొస ఇరుసుకి సరిగ్గా అందడం లేదు. పది గుక్కలు తోడాల్సిన చోట మూడు తోడుతోంది. చదును మీద మూడు చాలు, ఎత్తు మీద చాలవు.

మేస్త్రికి ముందు ఒళ్ళంతా పులకరించింది. దొరికాడు. లిఫ్టులూ ల్యాప్‌టాపులూ ఉన్నవాడు, ముట్టుకుంటే ఇనుము మాట వినేవాడు, రెండు ప్యాకింగులు వేసి కూర్చున్నాడు. ఈ సంగతి మామగారి ముందు ఎలా చెప్పాలో మాటలు కూడా పేర్చుకుంటున్నాడు. పేర్చుకుంటూ ఆ రెండో ప్యాకింగుని వెలుతురులోకి తిప్పి చూశాడు. బోల్టు పక్కన అంచు ఏటవాలుగా కోసి ఉంది. అంత మందాన ఉన్న రెంటిని కలిపి వేస్తే ఆ మూల ఇరుక్కుంటుంది కనక, కోసి వెయ్యాలి. ఆ కోత ఆయనకి బాగా తెలుసు.

నేర్పింది తనే మరి. వాడు పనికి చేరిన మొదటి వేసవిలో, ఎండకి బళ్ళ పంపులు కాగి, పెట్రోలు ఆవిరై ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంటే, "పంపు కింద ఎప్పుడూ రెండు వెయ్యి, మూల ఇలా కొయ్యి, జన్మలో వేడెక్కదు" అని చేతిలో చాకు పెట్టి మరీ నేర్పాడు. తను చూసే పాత ఇంజిన్ల మీట పొడుగు, రెండేసినా అందేది. ఈ వ్యాన్ ఇంజిన్ మీట పొట్టిది. వాడు గురువు మాట తప్పలేదు, అంతే.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. తప్పు బయట పెడితే, "అన్నయ్యే అలా వెయ్యమన్నాడు" అంటాడు. కోపంగా అనడు, అది ఇంకా ఘోరం. నిదానంగా, మర్యాదగా అంటాడు. మామగారు వింటాడు. వచ్చే ఆదివారం అన్నం కలుపుతూ దానికి కూడా ఒక మాట తయారుచేస్తాడు. మేస్త్రి రెండు ప్యాకింగులూ యథాప్రకారం పెట్టి, పంపు బిగించేశాడు.

సాయంత్రం మామగారు వచ్చాడు.

"ఏమంటుంది?"

"తప్పు ఏ ఒక్కచోటా లేదు మామయ్యా." మేస్త్రి ఆయన వైపు చూడకుండా స్పానర్లు సర్దుతున్నాడు. "ఈ ఇంజినే ఈ బండికి నప్పలేదు. దీని దాహం వేరు, ఈ బండి పోత వేరు. ఎవరు ఎంత చేసినా ఎత్తు మీద ఆగుతూనే ఉంటుంది."

"అయితే ఏం చేద్దాం?"

"దించెయ్యడమే."

మామగారు కారు ముందు భాగం మీద చెయ్యి వేసి నిమిరాడు. పాత ఇంజిన్ ఎప్పుడో తుక్కు కింద పోయింది. ఇది దించితే కారు ఇక కారు కాదని ఆయనకీ తెలుసు.

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అన్నాడు చివరికి. "పెట్రోలు సంగతి నీకు తెలిసినట్టు ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. చిన్నాడికి ఉత్సాహం ఉంది గాని, మేస్త్రివి నువ్వే."

ఇరవై రెండేళ్ళకి అన్నాడు. మేస్త్రి ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. భార్యకి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ, "మా నాన్నే అన్నాడా?" అని ఆశ్చర్యపోతే మూడోసారి కూడా చెప్పాడు. ఆ పూట ఏం తిన్నాడో ఆయనకి గుర్తు లేదు గాని, చాలా తిన్నాడు.

మర్నాడు చిన్నల్లుడు వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీరు చూశారు కాబట్టి సరిపోయింది అన్నయ్యా. నేనైతే ఇంకో నెల తల బాదుకునేవాణ్ణి. నా లెక్కే తప్పు. కారు మా షెడ్డుకి తెచ్చి పెట్టుకున్నాను, శుక్రవారం చైను కట్టి దించేస్తాను."

"మొదటిసారి కదా. అలాగే ఉంటుంది."

"మామయ్య మనసు కష్టపెట్టాను. అదొక్కటే బాధగా ఉంది."

వాడు ఓడిపోతే చూడాలని మేస్త్రి ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో. ఇప్పుడు ఎదురుగా తలొంచుకుని కూర్చున్నాడు. చూస్తే అనుకున్నంత బావుండలేదు. మరదలు ఎలా ఉందని అడిగి, కాఫీ తాగమని చెప్పి పంపేశాడు.

గురువారం పొద్దున మేస్త్రి స్పేర్‌పార్టుల దుకాణానికి వెళ్తూ పెద్ద రోడ్డు మీద ఆగాడు. అవతల బస్‌స్టాపులో మామగారు, అత్తగారు నిలబడి ఉన్నారు. బస్సు వచ్చింది. ఆ బస్సు మెట్టు మనిషి మోకాలంత ఎత్తు. అత్తగారు కమ్మీ పట్టుకుని ఒక కాలు పైకి పెట్టబోయింది, అందలేదు. మళ్ళీ పెట్టబోయింది. కండక్టరు పైనుంచి చెయ్యి అందుకున్నాడు, మామగారు వెనక నుంచి రెండు చేతులతో ఎత్తాడు. ఆవిడ అమ్మా అంది, రోడ్డు ఇవతలికి వినబడేట్టు. లోపలున్నవాళ్ళు తొందరపెడుతున్నారు. ముప్పై నాలుగేళ్ళు అలాంటి బస్సుని నడిపిన మనిషి, ఆవిడ చెప్పు కిందపడితే వంగి తీసుకుని, అది చేత్తో పట్టుకునే ఎక్కాడు. డ్రైవరు విసుక్కుంటూ ఏదో అన్నాడు. మామగారు తిరిగి ఏమీ అనలేదు.

మేస్త్రి దుకాణానికి వెళ్ళలేదు. తేలుకుట్టిన దొంగలా షెడ్డుకి తిరిగి వచ్చి, మధ్యాహ్నందాకా ఒక కార్బురేటర్‌ని విప్పి, బిగించి, మళ్ళీ విప్పాడు. మామగారి మాట చెవిలోనే ఉంది. మేస్త్రివి నువ్వే. ఆ మాటని పోగొట్టుకోకుండా కారుని బాగుచేసే ఉపాయం ఏదన్నా ఉందేమోనని ఆ రోజంతా వెతికాడు. రహస్యంగా వెళ్ళి ప్యాకింగ్ తీసి వద్దామనుకున్నాడు, కారు వాడి షెడ్డులో ఉంది. ఇంకో పంపు తెచ్చి అదేదో కొత్త మందు అని చెబుదామనుకున్నాడు, విప్పినప్పుడు వాడు పక్కనే ఉంటాడు. పెట్రోలు దారి అంతా తెలిసిన మనిషికి ఈ దారి ఎటూ దొరకలేదు.

శుక్రవారం ఆయన వెళ్ళేసరికి బానెట్ ఊడదీసి గోడకి ఆనించి ఉంది. ఇంజిన్‌కి చైను తగిలించారు, నాలుగు బోల్టుల్లో మూడు తీసేశారు. మామగారు ఒక స్టూలు మీద కూర్చుని, ఎవరింట్లోనో చివరి చూపు చూడ్డానికి వచ్చినవాడిలా చూస్తున్నాడు. చిన్నల్లుడు నాలుగో బోల్టు మీద స్పానర్ పెట్టాడు.

"ఆగు" అన్నాడు మేస్త్రి. "దించక్కర్లేదు. పంపు కింద రెండు ప్యాకింగులున్నాయి. రెండోది తీసెయ్. మీటకి ఇరుసు అందడం లేదు."

చిన్నల్లుడు స్పానర్ దించాడు. వంగి, పంపు వైపు చూసి, మెల్లగా తలాడించాడు. "వేడి తగలకుండా రెండెయ్యాలని మీరే కదా అన్నయ్యా చెప్పారు. దీని మీట పొట్టిదని నాకు తట్టలేదు."

"నేనే చెప్పాను."

మామగారు స్టూలు మీద నుంచి లేవలేదు. "మొన్న ఇవన్నీ విప్పి చూశావు కదా. అప్పుడు తెలీలేదా?"

మేస్త్రి నోరు తెరవబోయాడు. ఈలోగా చిన్నల్లుడే అందుకున్నాడు. "అప్పటికి తట్టి ఉండదు మామయ్యా. ఇలాంటివి ఇంటికెళ్ళి ఆలోచిస్తే తెలుస్తాయి. ఇవాళ పరిగెత్తుకుంటూ వచ్చింది అందుకే కదా."

తప్పించుకోవడానికి వాడు తలుపు తీసి పట్టుకున్నట్టే, మేస్త్రి ఊఁ అని దాటితే చాలు. మాట దక్కుతుంది, మర్యాద దక్కుతుంది. కాని ఆ తలుపు తీసింది వాడు. రేపటి నుంచి వాడిని చూసినప్పుడల్లా, వీడు నన్ను కాచాడు అని గుర్తొస్తుంది. లిఫ్టు వాడిదే, ఇంజిన్ వాడిదే, మామగారి ప్రేమ వాడిదే, ఇప్పుడు తన పరువు కూడా వాడు దయదలిచి ఇచ్చిందే కావాలా. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే నిజం బయటికి వచ్చింది.

"తెలుసు" అన్నాడు. "ఆ రోజే తెలుసు. చూసి, మళ్ళీ పెట్టి బిగించాను."

చిన్నల్లుడు చైను వైపు చూశాడు. మామగారు మాత్రం మేస్త్రి వైపే చూశాడు, చాలాసేపు.

"నిన్న మీ అత్తయ్య బస్సెక్కింది" అన్నాడు.

"చూశాను."

చిన్నల్లుడు చైను విప్పి, బోల్టులు బిగించి, పంపు దించి, ఒక ప్యాకింగ్ తీసేసి మళ్ళీ పెట్టాడు. అరగంట పని. మేస్త్రి పక్కన నిలబడి స్పానర్లు అందించాడు, వాడు అడిగినప్పుడల్లా. మామగారు స్టీరింగ్ ముందు కూర్చుని, "నువ్వు రా" అని చిన్నల్లుణ్ణి పక్కన ఎక్కించుకున్నాడు. కారు వీధి మలుపు తిరిగింది. కాసేపటికి ఎత్తు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. ఎక్కడా తగ్గలేదు.

ఇంట్లో అంతా చెప్పాడు, ఒక్క ముక్క కూడా దాచకుండా. భార్య విని, కంచం ముందు పెట్టి, "పోనీలెండి. చేసిన ఆ ఒక్క మంచి పనైనా కుళ్ళుతోనే చేశారు, మీ పద్ధతి తప్పలేదు" అంది. ఆయన నవ్వబోయాడు, రాలేదు.

మామగారు ఆయనతో మాట్లాడటం మానలేదు. కారు ఇప్పటికీ మూడు నెలలకోసారి మేస్త్రి దగ్గరికే తెస్తాడు, ఎందుకంటే పెట్రోలు సంగతి నిజంగానే ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. కారు అక్కడ పెట్టి, తాళం బల్ల మీద పెట్టి, "చూసి ఎలా ఉందో చెప్పు" అంటాడు. ఆగి, "నిజం చెప్పు" అంటాడు. కోపంగా ఏమీ అనడు, టైర్లలో గాలి చూడమన్నట్టే అంటాడు. మేస్త్రి నిజమే చెబుతాడు. ప్రతిసారీ ఆ మాటకి మాత్రం లోపల ఎక్కడో చిల్లు పడుతుంది.

ఒకసారి మరదలు ఇంటికి వచ్చినప్పుడు, ఆమాటా ఈమాటా చెబుతూ మెల్లగా అడిగాడు, మీ ఆయన దగ్గరికి బండి తెచ్చినప్పుడు కూడా మీ నాన్న "నిజం చెప్పు" అంటాడా అని.

"లేదు బావగారూ" అంది. "ఎందుకంటాడు?"